ఉసేనప్ప సముద్రం చూడలేదు

ఆరేళ్లు ఒక బరువు మోశాను. పైకి కనిపించేది కాదు. బాగానే తింటాను. పొద్దున్నే పెనుకొండలో రైలెక్కి హిందూపురంలో ఉద్యోగానికి పోతాను, సాయంత్రానికి తిరిగి వస్తాను. నవ్వాల్సిన చోట నవ్వుతాను. కానీ దస్తగిరి ఫోను చేసిన ప్రతిసారీ, తీసే ముందు, ఈసారి తెలిసిపోయిందేమో అని ఒక్క క్షణం ఆగేవాణ్ణి. తెలియలేదని తేలాక ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆ పీల్చుకోవడమే ఇంకా సిగ్గుగా ఉండేది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. దస్తగిరి అన్నది కూడా అతని అసలు పేరు కాదు. ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది ఒక కంప్యూటర్ ఆట గురించి. నవ్వితే నవ్వండి. ఆటలో మనిషి పోతే ఏం పోయింది, బొమ్మే కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ మాట పనిచేసి ఉంటే ఇది రాసే అవసరం వచ్చేది కాదు.

దస్తగిరిది ధర్మవరం. పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం మీద ఆవగింజంత గడుల్లో ఒక్కొక్కటిగా రంగు నింపుతూ అంచుకు నెమళ్లు, కొంగుకు పూలకుండీలు గీస్తాడు. ఆ గడులను బట్టే మగ్గం మీద దారాలు లేస్తాయి. ఒక్క గడి తప్పితే చీర పొడవునా నెమళ్లన్నీ కుంటివైపోతాయి. హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నాం. వాళ్ల నాయనకు చూపు తగ్గి మగ్గం నడవడం కష్టమైతే, రెండో ఏడాదిలో చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయాడు. స్నేహం మాత్రం మిగిలింది.

వాళ్ల నాయన పేరు ఉసేనప్ప. గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని నలభై ఏళ్లు కూర్చున్న మనిషి. నేను ఆయన్ని రెండు మూడుసార్లే చూశాను. తక్కువ మాట్లాడేవాడు. ఒక్క సముద్రం విషయంలో మాత్రం చిన్నపిల్లాడైపోయేవాడు. టీవీలో ఎక్కడైనా అలలు కనిపిస్తే మగ్గం ఆపేసి చూసేవాడట. అన్ని నీళ్లు ఎటూ పోకుండా ఎట్లా నిలబడ్డాయని నన్ను కూడా అడిగాడు, చదువుకున్నవాడికి తెలిసి ఉంటుందని. నేనేదో చెప్పాను. ఆయన నమ్మలేదు. మంచిగా నవ్వాడు. సముద్రం చూడకుండానే పోయాడు.

ఆయన పోయిన సంవత్సరమే మేము ఆ ఆట మొదలుపెట్టాం. కంప్యూటర్ నా దగ్గర ఉండేది. ఆదివారం పొద్దున దస్తగిరి ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగేవాడు. సాయంత్రం బండికి తిరిగి వెళ్లేవాడు.

ఆ ఆట గురించి ఎట్లా చెప్పాలి? కత్తులు, బల్లేలు, ఇనుప చొక్కాల కాలం. రాజులు, యువరాణులు ఎవరూ మనవాళ్లు కారు. మనవాళ్లు కూలికి యుద్ధం చేసే పన్నెండు మంది. ఒకడు పారిపోయిన రైతు, ఒకడు తాగుబోతు, ఒకడు దొంగ. వాళ్లను వెంటబెట్టుకుని ఊరూరూ తిరగాలి. దారిదోపిడీగాళ్లను తరమాలి, బండ్లకు కాపలా కాయాలి. తిండి పెట్టాలి, గాయాలు మాన్పాలి. ఆ ఆటకు దయ అనేదే లేదు. కొత్తగా ఆడేవాళ్ల దండు పది రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుంది. చచ్చినవాడు మళ్లీ లేవడు. మేము ఎంచుకున్న పద్ధతిలో సేవ్ ఫైలు ఒక్కటే. చేసిన ప్రతి పనీ ఎప్పటికప్పుడు దానిలో రాసుకుపోతుంది. అయ్యో అని వెనక్కి వెళ్లి మళ్లీ ఆడే వీలు ఉండదు. ఒక మనిషి పోగానే వాడి పేరు, వాడు మనతో నడిచిన రోజులు, ఎట్లా పోయాడన్నది ఒక పట్టీలో చేరుతుంది. అంతే.

మొదటి ఏడాది మా దండ్లు ఎన్ని పోయాయో గుర్తు లేదు. తర్వాత ఏదో మారింది. నాలో కాదు, దస్తగిరిలో. యుద్ధభూమి కూడా గడులుగానే ఉంటుంది కదా. ఒకరోజు అతను తెర వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మనుషులను జరపడం మొదలుపెట్టాడు, చీర అంచు గీసినట్టు. ఎవరి పక్కన ఎవరు, ఎవరి వెనక ఎవరు, ఎక్కడ ఒక గడి ఖాళీ వదలాలి. శత్రువులు ఆ ఖాళీలోకే వచ్చి పడేవాళ్లు. నేను పక్కన కూర్చుని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. ఇది అతిశయోక్తి కాదు. మనిషి బుద్ధి అంత నిశ్శబ్దంగా పనిచేయడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నా పని ఇంగ్లీషు. ఆటలో చదవాల్సింది చాలా ఉంటుంది. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, అతను నిర్ణయించేవాడు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానంటే, దండులో సగం నాదేనన్న భావం అక్కడే మొదలైంది. సగం నాదా? ఇప్పుడు ఆలోచిస్తే, మాట నాది, చూపు అతనిది.

ఒక ఊళ్లో కూలికి దొరికే మనుషుల పేర్లు చదువుతుంటే ఒక నేతగాడు తగిలాడు. మగ్గం కాలిపోయిందట, కత్తి ఎన్నడూ పట్టలేదట, ఆకలికి వచ్చాడట. దండులో చేర్చుకోదగ్గ బలమేమీ లేదు. వద్దులే, మొదటి దెబ్బకే పోతాడని అన్నాను. దస్తగిరి వాణ్ణే తీసుకుందామన్నాడు. ఆటలో మనుషులకు పేరు మార్చే వీలుంది. కీబోర్డు తన వైపు లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో ఉసేనప్ప అని కొట్టాడు.

ఆ బలహీనుణ్ణి మూడు వందల పన్నెండు రోజులు బతికించాడు దస్తగిరి. ఆటలో రోజులు. మాకది రెండేళ్ల ఆదివారాలు. పొడవాటి బల్లెం ఇచ్చి ఎప్పుడూ రెండో వరసలో నిలబెట్టేవాడు. ముందు డాలు పట్టుకున్న వాడు ఒకడు తప్పకుండా ఉండాలి. నెమ్మదిగా ఆ నేతగాడు గట్టిపడ్డాడు. ఒకసారి బాణం తగిలి కుడికన్ను పోయింది. నేను ఆ వాక్యం చదివి తెలుగులో చెప్పగానే దస్తగిరి లేచి బయటికి వెళ్లాడు. వాళ్ల నాయనకు ఆపరేషన్ వికటించి చూపు పోయిందీ కుడికన్నే. ఆటకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? తెలియదు. అయినా అతను తిరిగి వచ్చాక ఆరోజు ఇక ఆడలేకపోయాం. తెర మీద ఒంటికంటి ఉసేనప్ప బల్లెం పట్టుకుని మా వైపు చూస్తున్నాడు.

అప్పుడే కొత్త ఎక్స్‌పాన్షన్ వస్తుందన్న వార్త వచ్చింది. ఉన్న ఆటకే కొత్త దేశాలు, కొత్త శత్రువులు, కొత్త ఆయుధాలు కలిపి విడుదల చేసే భాగాన్ని అట్లా అంటారు. దాన్ని తయారుచేసేది ఎక్కడో దూరదేశంలో నలుగురైదుగురు. వారం వారం తమ పని గురించి కొంచెం కొంచెం రాసి, బొమ్మలు పెట్టేవాళ్లు. మొదటి బొమ్మలో నీళ్లు. దేశపటం దక్షిణపు అంచు దాకా నీళ్లే. రేవు పట్టణాలు, తెరచాపలు, ఓడ మీద యుద్ధాలు. బరువైన కవచం ఉన్నవాడు నీళ్లలో పడితే తేలడు. పాత దండును కూడా అక్కడికి తీసుకుపోవచ్చని రాశారు.

నేను ఫోనులో ఈ చివరి వాక్యం చదివాను. అతని గొంతు మెల్లగా వచ్చింది. అయితే నాయనను సముద్రానికి పిలుచుకుపోవచ్చా అని అడిగాడు.

ఆ ఎనిమిది నెలలు మేము ఎదురుచూసినట్టు ఎవరైనా దేనికోసమైనా ఎదురుచూశారా అనిపిస్తుంది. ప్రతి వారం కొత్త బొమ్మ. ఒకసారి రేవు గోడ, ఒకసారి వలలు విసిరే సైనికులు, ఒకసారి తుపాను ముందు ఆకాశం. పెనుకొండ ఎండలో, ఫ్యాను కింద, ఎన్నడూ సముద్రం ఎరగని ఇద్దరం ఆ బొమ్మలు పెద్దవి చేసి చూసేవాళ్లం. దస్తగిరి చీరల గళ్ల కాగితం మీద ఓడ గీశాడు. నిజంగా గీశాడు, గడి గడికీ. పన్నెండు మందికీ పన్నెండు రంగులు. ఓడ ఊగినప్పుడు ఎవరు ఎటు జరగాలో పెన్సిల్ గీతలు. ఉసేనప్పది ముదురు ఎరుపు. తెరచాప కొయ్య పక్కన, అంచుకు దూరంగా, కానీ నీళ్లు కనిపించే చోట. అంత అందమైన కాగితాన్ని నేను నా చేతుల్లో ఇంకెప్పుడూ పట్టుకోలేదు.

విడుదలకు నెల ఉందనగా అతనికి పని మీద పడింది. పెళ్లిళ్ల కాలం, మగ్గాలన్నీ కొత్త డిజైన్లు అడుగుతున్నాయి. మూడు ఆదివారాలు రాలేనన్నాడు. దండును ఒక ఊళ్లో నిలబెట్టి ఉంచమన్నాడు, తను వచ్చేదాకా తెరవొద్దన్నాడు. సరేనన్నాను. మాట ఇచ్చాను.

రెండో ఆదివారం మధ్యాహ్నం. మా అమ్మ రొద్దంలో చుట్టాల పెళ్లికి పోయింది. ఇంట్లో నేనొక్కణ్ణే. అన్నం తిని కంప్యూటర్ తెరిచాను. ఊరికే చూద్దామని. నిజంగా ఊరికేనా? కాదు. అతను లేకుండా నేను కూడా గెలవగలనని చూసుకోవాలనుకున్నాను. రెండేళ్లు పక్కన కూర్చుని చూశాను కదా, నేర్చుకోలేదా? అడవిలో దోపిడీదండు ఒకటి ఉందని, దాని నాయకుడికి బంగారు అంచున్న శిరస్త్రాణం ఉందని ఊళ్లో చెప్పుకుంటున్నట్టు తెర మీద వచ్చింది. అలాంటి వస్తువు ఆటలో చాలా అరుదు. దాన్ని తెచ్చి ఉసేనప్ప తలకు పెట్టి, దస్తగిరి వచ్చినప్పుడు చూపించాలని ఆశపడ్డాను. చూడండి, తప్పుకు కూడా ఎంత మంచి బట్టలు తొడుక్కున్నానో.

యుద్ధం మొదటి సగం బాగా జరిగింది. తర్వాత ఆ నాయకుడు ఒక చెట్టు వెనక నిలబడ్డాడు. బల్లెం అందాలంటే ఉసేనప్పను ఒక గడి ముందుకు జరపాలి. ఒక్క గడి. జరిపాను. పొడిచాడు, తగిలింది. నాకు ఒళ్లు పొంగింది. అప్పుడు పక్కనుంచి పెద్ద గొడ్డలివాడు తిరిగాడు. మొదటి దెబ్బకు కవచం చీలింది. ఉసేనప్ప ఇంకా నిలబడే ఉన్నాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి.

ఆటలో వెనక్కి తగ్గే వీలుంటుంది. వెనక దారి తెరిచే ఉంది. మళ్లీ జరిపే వంతు నాదే. అప్పుడు అతన్ని రెండు గడులు వెనక్కి జరిపి, ముందు డాలువాణ్ణి నిలబెడితే బతికేవాడు. నాకది కనిపించింది. స్పష్టంగా కనిపించింది, దస్తగిరి పక్కనే ఉండి వేలు పెట్టి చూపించినట్టు. కానీ నాయకుడికి ఇంకొక్క పోటు చాలు. నేను వెనక్కి జరపలేదు. పొడవమన్నాను.

నాయకుడు పడ్డాడు. మరుసటి దెబ్బకు ఉసేనప్ప పడ్డాడు.

యుద్ధం గెలిచాను. శిరస్త్రాణం దొరికింది. దాన్ని చూసి ఒక్క క్షణం సంతోషించాను. ఎంతసేపు? కన్ను మూసి తెరిచినంత. కానీ సంతోషించాను. దస్తగిరికి ఈ ఒక్క సంగతీ ఎప్పటికీ చెప్పలేను. మీకే చెబుతున్నాను. తర్వాత ఆ పట్టీ వచ్చింది. ఉసేనప్ప, నేతగాడు, మూడు వందల పన్నెండు రోజులు, గొడ్డలి దెబ్బ.

అప్పుడు ఫోను చేసి చెప్పి ఉంటే? తిట్టేవాడు. ఏడ్చేవాడేమో. నెల తర్వాత మళ్లీ వచ్చేవాడు. నేను అది చేయలేదు. ఆ పట్టీని అతను చూడకూడదు, అంతే అనుకున్నాను. చావును తీసేయలేం. అందుకని దండు మొత్తాన్ని తీసేశాను. మిగతా పదకొండు మంది బతికే ఉన్నారు, గాయాలకు కట్లు కట్టుకుని మంట చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్లందరినీ, రెండేళ్ల ఆదివారాలనూ, ఒక్క మీటతో. అదీ చాలదని భయం వేసింది. తీసేసిన ఫైళ్లను మళ్లీ బయటికి లాగగలరని ఎక్కడో చదివాను. ఒక స్నేహితుడి దగ్గర సినిమాలు తెచ్చుకుని వారమంతా డిస్కు నింపాను. తీసేసి మళ్లీ నింపాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు. పొరపాటు ఆదివారం మధ్యాహ్నం ఒక గంట జరిగింది. దాని తర్వాతది పొరపాటు కాదు.

దస్తగిరికి ఫోను చేసి, కరెంటు పోయి వచ్చి డిస్కు చెడిందన్నాను. అతను నన్ను ఓదార్చాడు. మరుసటి రోజే పని వదిలేసి వచ్చాడు. డిస్కు ఊడదీయించి, పట్టు దారం చుట్టి పెట్టే మెత్తటి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇద్దరం హిందూపురం వెళ్లాం. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. దారి పొడవునా దస్తగిరి ఆ గుడ్డ మీద చెయ్యి తీయలేదు.

పెద్దాయన రెండు గంటలు చూశాడు. దస్తగిరి టీ చెప్పడానికి బయటికి వెళ్లినప్పుడు కళ్లద్దాలు పైకి నెట్టి నా వైపు చూశాడు. డిస్కు చెడలేదని, ఫైలును ఎవరో చేత్తో తీసేశారని, పైన ఏదేదో కుక్కారని నెమ్మదిగా చెప్పాడు. నేను చేతులు జోడించాను. ఆయన తను అబద్ధం చెప్పనని, అతను అడిగితే ఉన్నదే చెబుతానని అన్నాడు. దస్తగిరి టీ గ్లాసులతో వచ్చాడు. పెద్దాయన రాదప్పా అని ఒక్క మాట అన్నాడు. దస్తగిరి ఎందుకు రాదని అడగలేదు. డిస్కును మళ్లీ ఆ గుడ్డలో చుట్టుకున్నాడు.

బస్టాండు పక్కన నిలబడ్డాం. అతను రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు ఆఖరుసారి చూసినప్పుడు నాయన బాగుండెనా?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. కోపం ఊహించాను, ఏడుపు ఊహించాను.

"బాగుండె."

"యాడుండె?"

"ఊర్లోనే. మనం నిలబెట్టిన కాడనే."

"సరే పో," అన్నాడు. "దెబ్బల్లేకుండా పోయినాడులే."

ఆ మాట తర్వాత నేను నిజం చెప్పే దారి మూసుకుపోయిందనుకున్నాను. అతనికి ఓదార్పు దొరికింది, దాన్ని ఎట్లా లాక్కోవాలి అని. ఎన్నేళ్లు ఈ ముసుగు వేసుకున్నాను. ఓదార్పు అతనిదా, నాదా?

ఎక్స్‌పాన్షన్ అనుకున్న రోజే వచ్చింది. దస్తగిరి వచ్చాడు. కొత్త దండు, కొత్త మనుషులు, ఎవరికీ మా వాళ్ల పేర్లు పెట్టలేదు. ఆటలో నలభై రోజులు నడిచి దక్షిణం చివరికి చేరాం. ఒక గుట్ట దాటగానే సముద్రం. నేను చెప్పలేను. నీలం కాదు, బూడిద కాదు, అది కదులుతోంది. ఒడ్డున పక్షులు అరుస్తున్నాయి. దస్తగిరి దండును ఒడ్డున నిలబెట్టి, మౌస్ వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. మగ్గం ఆపేసి కూర్చున్న వాళ్ల నాయన అచ్చం అట్లాగే ఉండేవాడేమో. నేను అతని ముఖం వైపు చూడలేకపోయాను. అంత గొప్ప దృశ్యం ముందు అంత నీచంగా కూర్చున్నది నేనొక్కణ్ణే అనిపించింది.

తర్వాత సంవత్సరాలు గడిచాయి. అతనికి పెళ్లయింది. రావడం తగ్గింది. అతను ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్ మీదే చేస్తాడు, లాప్‌టాప్ కొనుక్కున్నాడు. ఆట మాత్రం ఒంటరిగా ఆడడు. ఈ ఏడు మళ్లీ కొత్త ఎక్స్‌పాన్షన్ వస్తుందని వార్త. ఈసారి కొండకోటలు. బురుజులు, ముట్టడులు, గోడలెక్కే నిచ్చెనలు. బొమ్మలు చూస్తే మా పెనుకొండ కొండే గుర్తొస్తుంది. దస్తగిరి ఫోను చేశాడు. ఆరేళ్లలో ఎన్నడూ లేనంత ఉత్సాహంగా ఉన్నాడు. ఈసారి మళ్లీ నాయన పేరు పెడతానన్నాడు. దండును నా కంప్యూటర్లోనే ఉంచుదామన్నాడు. తన ఇంట్లో పాప కీబోర్డు పీకుతుంది, నా దగ్గర ఉంటేనే తనకు ధైర్యమన్నాడు.

ఆ మాట విన్న తర్వాత మూడు రోజులు నాకు అన్నం సరిగా దిగలేదు.

పోయిన ఆదివారం వచ్చాడు. నిజమైన కోట గోడలు చూసి, నిచ్చెన ఎక్కడ వేస్తే ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలుసుకోవాలన్నాడు. పొద్దున్నే కొండెక్కాం. ఒక పాత బురుజు మీద కూర్చున్నాం. కింద ఊరు, చెరువు, దూరంగా పొలాల మధ్య రైలుపట్టాలు. అతను గళ్ల కాగితం తీసి గోడ వంపు గీస్తున్నాడు. రాళ్లు పేర్చినవాళ్లు ఒక్కో రాయి ఎందుకు అక్కడ పెట్టారో అతనికి అర్థమవుతోంది, నాకు చెబుతున్నాడు. గాలి బలంగా వీస్తోంది. ఈ మనిషి పక్కన ఆరేళ్లు అబద్ధంతో కూర్చున్నాను కదా అనిపించింది. చెప్పేశాను. డిస్కు చెడలేదని, నేనే తీసేశానని, అంతకుముందే ఉసేనప్పను చంపుకున్నానని.

పెన్సిలు ఆగింది. నా వైపు తిరగలేదు. అట్లాగే అడిగాడు.

"ఎట్ల పోయినాడు?"

మొత్తం చెప్పాను. చెట్టు, నాయకుడు, ఒక గడి, గొడ్డలి. అతను మధ్య మధ్య అడిగాడు. డాలువాడు ఎటు పక్కన ఉన్నాడు? కవచం ఏది వేసి ఉన్నావు? మొదటి దెబ్బకు పడలేదా? పడలేదని చెప్పినప్పుడు తల ఊపాడు. ఆ తల ఊపడంలో గర్వం ఉంది. నా మీద కాదు. అతను కళ్లు మూసుకుని ఆ యుద్ధాన్ని గడి గడికీ చూస్తున్నాడని తెలుస్తోంది. ఆరేళ్ల కిందటి, తను లేని యుద్ధం. నేను అతన్ని మోసం చేసినవాణ్ణని కూడా మరిచిపోయి, పాత రోజుల్లోలాగే అబ్బురపడి చూశాను.

"ఎనక్కి వచ్చేదానికి దావ లేకపోయెనా?"

అడుగుతాడని తెలుసు. అతనంతటి ఆటగాడు అడగకుండా ఉండడు.

"లేదు," అన్నాను.

నమ్మగలరా? ఆరేళ్ల అబద్ధాన్ని ఒప్పుకుంటూ, ఆ నోటితోనే ఇంకొకటి. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొండ దిగాం. మా ఇంటి దాకా రాలేదు, నేరుగా స్టేషనుకు నడిచాడు. నేను వెనక నడిచాను. ప్లాట్‌ఫారం మీద బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నాం. బండి దూరంగా కనిపించింది. అది వచ్చి ఆగేలోపు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనని నాకు తెలిసిపోయింది. నన్ను నేను అంతమాత్రం ఎరుగుదును.

"దావ ఉండె దస్తగిరీ. నాకు కనపడె. నేనే రానీలేదు."

బండి చప్పుడులో వినిపించిందో లేదో అనుకున్నాను. వినిపించింది. అతను నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కోపమైతే గుర్తుపట్టేవాణ్ణి. పెట్టె ఎక్కి అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. బండి కదిలింది. అతను ఇటు తిరగలేదు.

ఇది జరిగి నాలుగు రోజులు. ఫోను రాలేదు. కొత్త ఎక్స్‌పాన్షన్ వచ్చే నెల వస్తుంది. అతను వస్తాడో రాడో నాకు తెలియదు. రావాలని అడిగే మొహం నాకు లేదు. క్షమించమని ఆరోజు అడగలేదు, ఇక్కడా అడగను. మీరు క్షమించినా అది మీ చేతిలో ఉన్నది కాదు.

ఒక్కటి మాత్రం ఉంది. దారి ఉంది, నాకు కనిపించింది, నేను రానివ్వలేదు. ఈ మూడు మాటలు అంతకుముందు నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు వాటిని బయటి గాలిలో ఇద్దరు విన్నారు. అతనొకడు, మీరొకరు. ఇక నాలోపల వాటికి కాపలా కాయాల్సిన పని లేదు.